ఊఁ అన్నదా, ఊఁ కొట్టిందా

196వ రోజు

ఈ రోజు పప్పు ఉడికింది. మా ఇళ్ళ వరసలో ఇది రాసిపెట్టుకోదగ్గ విషయమే. ఇక్కడ, ఈ చంద్రుడి గుహల్లో, గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు చిటికెలో మరుగుతాయి. కందిపప్పు మాత్రం ఎంత మరిగినా అలిగిన అల్లుడిలా బిగుసుకుని కూర్చుంటుంది. కుక్కరు పెట్టాల్సిందే. కుక్కరుకి కరెంటు ఇంటికి రోజుకో గంట ఇస్తారు. నాది నాలుగు నుంచి ఐదు. నాలుగింటికి ఇంట్లో లేకపోతే ఆ పూటకి చారునీళ్ళే గతి.

అందుకే మధ్యాహ్నం విచారణ మూడున్నరకే ముగిసిపోతే లోలోపల సంతోషించాను.

నేను ఆటల క్రమశిక్షణ సంఘంలో లేఖకుణ్ణి. ఇరవై రెండేళ్ళయింది. అంతకు ముందు రగ్బీ రిఫరీని. మోకాలు పోయాక ఈల తీసుకుని ఈ కుర్చీ ఇచ్చారు. విచారణలో మాటలన్నీ యంత్రమే రాసుకుంటుంది. జవాబు అర్థం కానప్పుడు మాత్రం ఒక ప్రశ్నార్థకం పెట్టి నా వైపు చూస్తుంది. నా ముందు మూడు బటన్లుంటాయి: ఒప్పుకోలు, నిరాకరణ, మౌనం. వాటిలో ఏదో ఒకటి నొక్కాలి. నాలుగోది లేదు. ఈ నియమాలు ఎక్కడో కింద భూమ్మీద, వేరే భాషవాళ్ళు రాశారు. గుహల్లో ముప్పాతిక మంది తెలుగువాళ్ళమే అయినా ఒక్క అక్షరం మార్చుకోలేదు.

ఇవాళ్టి విచారణ కొమురమ్మ అనే ఆటగత్తె మీద. నీటి శాఖలో పని చేస్తుంది, ముప్పై ఆరేళ్ళు. మూడు రోజుల కిందటి మ్యాచ్‌లో పడమటి సొరంగం జట్టు మనిషి జోగారావుని టాకిల్ చేస్తే, అంటే ఒంటికి ఒళ్ళు తగిలించి పట్టి ఆపబోతే, అతను పైకి లేచి గుహ కప్పు రాతికి కొట్టుకున్నాడు. భుజం ఎముక విరిగింది. రిఫరీ ఎర్ర కార్డు చూపించాడు. కింద భూమ్మీద మనిషిని ఎత్తి పడేస్తే నేల తగులుతుంది. చంద్రుడి మీద ఎత్తి వదిలేస్తే ముందు కప్పు తగులుతుంది, తర్వాత తీరిగ్గా నేల. అందుకని ఇక్కడ ఎత్తివేతని మించిన తప్పు లేదు.

అధ్యక్షురాలు విమలాంబ గారు అభియోగపత్రం చదివారు. ఏడు అంశాలు. నడుము కింద పట్టుకున్నావు. పైకి ఎత్తావు. గాలిలో వదిలేశావు. కప్పు ఎంత ఎత్తులో ఉందో తెలిసే చేశావు. ఇలా. కొమురమ్మ చేతులు కట్టుకుని నిలబడి ప్రతి అంశానికీ "ఊఁ" అంది. యంత్రం ఏడుసార్లు నన్ను అడిగింది. ఏడుసార్లూ ఒప్పుకోలు నొక్కాను. ఒప్పుకున్నాక సాక్షులెందుకు? ముద్దాయి సంజాయిషీ కూడా అక్కర్లేదు. గుమ్మం దగ్గర చెయ్యి మెడకి కట్టుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, అతన్ని కూడా పొమ్మన్నారు.

నాలుగుకి ఐదు నిమిషాల ముందే ఇల్లు చేరాను.

197వ రోజు

తీర్పు వచ్చింది. అరవై వారాల నిషేధం, ఒప్పుకున్నందుకు సగం తగ్గించి ముప్పై. మైకులో పేరు, వారాల అంకె మాత్రమే చదువుతారు.

విమలాంబ గారు నన్ను పిలిచి, "మీ రికార్డు చూస్తే ముచ్చటేస్తుంది దాలినాయుడు గారూ. ఇన్నేళ్ళలో అప్పీలులో ఒక్క కొట్టివేత లేదు," అన్నారు. ఆవిడ ఊరికే పొగిడే మనిషి కాదు. ఇంటికొచ్చేదాకా, ఎగిరిపోకుండా తొడుక్కునే బరువు చెప్పులు కూడా తేలిగ్గా అనిపించాయి.

ముప్పై వారాలంటే ఏమిటో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆరో వంతు బరువుతో బతికే ఒంటికి వారానికి మూడు పూటలు దెబ్బలు తగలకపోతే ఎముక గుల్లబారుతుంది. కదలని మిషను మీద తోసుకుంటే కాళ్ళు గట్టిపడతాయి గానీ ఎముకకి కావలసింది మనిషి వచ్చి గుద్దే దెబ్బ. అందుకే యాభై లోపు వాళ్ళందరూ రగ్బీ ఆడాలి. ఇష్టమున్నా లేకపోయినా.

కొమురమ్మ భర్త, కూతురు రెండేళ్ళ కిందట భూమికి దిగిపోయారు. ఈమె ఒప్పందం పూర్తి కాక ఉండిపోయింది. 260వ రోజున దిగే ఓడలో ఈమెకి సీటుంది. దానికి 240వ రోజున ఎముక పరీక్షలో డెబ్బై రావాలి. పోయినసారి డెబ్బై ఒకటి వచ్చింది. తర్వాతి ఓడ మూడేళ్ళకి. ముప్పై ఐదు దాటినవాళ్ళకి పోయిన ఎముక తిరిగి రాదు.

ఇదంతా నాకు ఇవాళ తెలిసింది కాదు. ఫైలు మొదటి పేజీలోనే ఉంది. నిన్న విచారణకి ముందే చదివాను.

203వ రోజు

పొద్దున గాలిగొట్టం జల్లెడలు విప్పి దుమ్ము దులుపుతున్నాను. ఈ దుమ్ముకి దీపావళి మర్నాడు వీధిలో ఉండే వాసన ఉంటుంది. తుమ్ముతూ తల ఎత్తేసరికి గుమ్మంలో కొమురమ్మ. ఎత్తుగా ఉంటుంది, చెవి మీద పాత మ్యాచ్ దెబ్బ తాలూకు మడత.

"సారూ, అప్పీలు చేసుకోవచ్చునా?" అంది.

లోపలికి రమ్మని స్టూలు వేశాను. నియమాలు చెప్పడమంటే నాకు సరదా. ఇరవై రెండేళ్ళుగా కంఠస్థం చేసినవి, ఎవరూ అడగరు.

"చూడమ్మా, తప్పు ఒప్పుకున్నవాళ్ళకి శిక్ష సగం చేస్తారు."

"ఊఁ."

"దానికి బదులుగా అప్పీలు హక్కు ఉండదు."

"ఊఁ."

"నువ్వు ఏడు అంశాలూ ఒప్పుకున్నావు కాబట్టి నీకు లేదు."

"ఊఁ," అంది. అని, ఆగింది. "ఏందీ? నేనెప్పుడు ఒప్పుకున్న సారూ?"

నాకు నవ్వొచ్చింది. "ఇప్పుడే కదమ్మా, ఊఁ అన్నావు!"

"మీరు చెప్తుంటె ఇంటున్న అని ఊఁ కొట్టిన. పెద్దమనిషి చెప్తుంటె ఊఁ కొట్టకుండ కూసుంటే గోడకు చెప్పినట్టుంటది గద. మా అవ్వ గట్లనే నేర్పింది."

నా చేతిలో జల్లెడ ఒక పక్కకి ఒరిగింది.

"ఆ రోజు గూడ అంతే సారూ. మేడం చదువుతుంటె ఊఁ కొట్టిన. చదువుడు అయినంక నా వంతు వస్తది, గప్పుడు జరిగింది చెప్దామని నిలబడ్డ. ఆమె కాయితం మూసి ఇగ పో అన్నది. అంతేనేమో అనుకున్న."

ఆ క్షణంలో నేను చెప్పవలసిన మాట ఒకటే. అమ్మా, ఆ ఏడు బటన్లూ నొక్కింది నేనే, అని. నేను చెప్పింది వేరు.

"రికార్డులో అలా పడింది మరి," అన్నాను. వాన పడింది, దుమ్ము పడింది అన్నట్టు.

"మీరు జెర చూడుండ్రి సారూ. మీకన్నీ ఎరుకే గద," అని దణ్ణం పెట్టి వెళ్ళింది. జల్లెడలోని దుమ్మంతా నా పాదాల మీద పడి ఉంది.

204వ రోజు

ఆఫీసులో తలుపేసుకుని రికార్డింగు విన్నాను.

ఊఁ అనడం వేరు, ఊఁ కొట్టడం వేరు. పెళ్ళికి పిల్ల ఊఁ అందంటే ముహూర్తాలు పెట్టుకుంటాం. కథ వింటూ పిల్ల ఊఁ కొడితే రాజుగారు రాక్షసుణ్ణి చంపడానికి ఒప్పుకుందని ఎవరూ అనుకోరు. ఈ తేడా తెలుగు పుట్టుక పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. మా అమ్మ కథ చెబుతూ నా ఊఁ వినబడకపోతే నిద్రపోయానని ఆపేసేది.

రికార్డింగులో కొమురమ్మ ఊఁలు ఏడూ ఒక్కలాగే ఉన్నాయి. పొట్టిగా, మెత్తగా, కొస కాస్త పైకి లేపి. "తర్వాత?" అన్నట్టు. తప్పు ఒప్పుకునే మనిషి ఊఁ అలా ఉండదు. కిందికి దిగుతుంది. యంత్రానికి కూడా అనుమానం వచ్చింది, అందుకే అడిగింది. నేను గడియారం చూస్తూ నొక్కేశాను. ఆరో ఊఁకి, ఏడో ఊఁకి యంత్రం ప్రశ్న పూర్తిగా తెర మీద పడకముందే నొక్కానని కూడా రికార్డులో ఉంది.

మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. ఊఁ ఎంత అంగీకారమో చెప్పలేదు.

206వ రోజు

ముప్పై ఒకటో నియమం: తాను తప్పుగా నమోదు చేశానని లేఖకుడు ప్రమాణం చేసి చెబితే తీర్పు రద్దవుతుంది, మళ్ళీ విచారణ జరుగుతుంది. గడువు లేదు. ఎప్పుడైనా చెప్పొచ్చు. దాని కిందే ఇంకో వాక్యం: ఆ లేఖకుడు కుర్చీ వదలాలి, అతను రాసిన పాత ఫైళ్ళన్నీ తిరిగి చూడాలి.

కుర్చీ సంగతి పక్కన పెట్టండి. అబద్ధం, పక్కన పెట్టలేను. ఈ మోకాలితో నాకు మిగిలేది గోంగూర తోటలో గంపలు మోసే పని. కానీ అంతకన్నా భయం పాత ఫైళ్ళు. నాలుగు వందల ముప్పై విచారణలు. వాటిలో ఎన్ని ఊఁలున్నాయో? ఎందరు వింటున్నామని చెబితే నేను ఒప్పుకున్నారని రాశానో?

విమలాంబ గారి గదికి వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. ఆవిడ గోడ మీది కుండీలో బచ్చలి తీగకి నీళ్ళు చిలకరిస్తున్నారు.

"ఏమిటి దాలినాయుడు గారూ, మొహం అలా ఉంది?"

"ఆ కొమురమ్మ కేసండీ. పాపం, ఓడ తప్పిపోతుంది."

"నాకూ బాధగానే ఉంది. కానీ తనే ఒప్పుకుంది కదా. మీ రికార్డు అంత స్పష్టంగా ఉన్నప్పుడు నేనేం చేయను?"

మీ రికార్డు, అన్న మాట వినగానే చెప్పదలచుకున్నది మార్చేశాను. "దయ కోరుతూ ఒక అర్జీ పెట్టించవచ్చాండీ?" అన్నాను.

"పెట్టించండి. మీది జాలి గుండె," అన్నారు.

జాలి గుండె! బచ్చలి తీగైనా నవ్వి ఉంటుంది.

210వ రోజు

అర్జీ నేనే రాశాను. నాలుగు పేజీలు. మంచి శైలి కుదిరింది, అదొక రోత. తల్లి, కూతురు, ఓడ, ఎముక, అన్నీ పెట్టాను. ఊఁ గురించి ఒక్క ముక్క లేదు.

కొమురమ్మకి చదివి వినిపించాను. ఆవిడ వింటూ ఊఁ కొట్టింది. అలవాటు కదా, ఎక్కడికి పోతుంది. ప్రతి ఊఁకీ నాకు చెంప మీద ఒకటి తగిలినట్టుంది. చివర్న, "మంచిగ రాసిండ్రు సారూ," అని వేలిముద్ర పెట్టింది. రోజూ షిఫ్టు అయ్యాక రెండు గంటలు మిషను మీద తోస్తోందట. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

వెళ్తూ ఒక డబ్బా ఇచ్చింది. మక్క గారెలు. నీటి శాఖవాళ్ళు తొట్లలో మొక్కజొన్న వేస్తారు. వద్దనలేకపోయాను, తినలేకపోయాను. పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను.

ఆసుపత్రికి వెళ్ళి, తెలియనట్టు, డాక్టరుని అడిగాను. ఆట మానితే ఎముక ఎంత కాలం నిలుస్తుందని. మొదటి పది పన్నెండు రోజులు ఓర్చుకుంటుందట. తర్వాతే జారుడు మొదలవుతుందట. కొమురమ్మ ఆట ఆగి ఇవాళ్టికి పదిహేడు రోజులు.

218వ రోజు

అర్జీ తిరస్కరించారు. అప్పీళ్ళు వినే పెద్దలు రాసిన జవాబు ఒకటిన్నర పంక్తి: ముద్దాయి ఏడు అంశాలనూ నిస్సందేహంగా ఒప్పుకున్నందున పరిశీలించవలసినది లేదు. నిస్సందేహంగా అన్న మాట వాళ్ళది కాదు. నేను రికార్డు చివర అలవాటుగా వేసే ముద్ర అది.

కొమురమ్మకి చెప్పడానికి వెళ్ళాను. నీటి శాఖ గేటు బయటే నిలబడి చెప్పాను. "పోనీ సారూ, మీరు మస్తు కష్టపడ్డరు," అంది.

తిట్టినా బాగుండేది.

221వ రోజు

జోగారావు వచ్చాడు. చెయ్యి ఇంకా మెడకి కట్టే ఉంది. విచారణ రోజు గుమ్మం దగ్గర కూర్చున్నది అతనే. మా తాతల ఊళ్ళ వైపు మనిషి, మాటలోనే తెలిసిపోతుంది.

"బావూ, ఓ మాట సెప్పి పోదారని వొచ్చినాను," అని స్టూలు మీద కూర్చున్నాడు. "ఆ పిల్ల నన్ను ఎత్తనేదండి. నానే ఎగిరీసినాను, బంతి కోసరం. అప్పుటికే ఆ పిల్ల నా నడుం పట్టీసింది. ఆ పిల్ల ఊపూ, నా ఊపూ కలిసిపోనాయి. ఎగిరీ ముందు, కప్పుకి తగలకండా, నడుం పట్టీ కొక్కెం నేల తాడుకి తగిలించుకోవాలా? నాను తగిలించనేదు. మరిసిపోనాను. తప్పెవులది సెప్పండి?"

"ఈ మాట ఆ రోజు చెప్పలేకపోయావా?"

"సెప్పడానికే కదండీ తలుపుకాడ కూకున్నాను! నన్నెవులూ పిలవనేదు. ఆ యమ్మి ఒప్పీసుకుంది, నువ్వింటికెల్లిపో అన్నారు. సెయ్యని తప్పు ఎందుకు ఒప్పీసుకుందో నాకిప్పటికీ బోదపడ్నేదు. ఆసుపత్రికొచ్చినప్పుడు అడిగినాను. నానెక్కడ ఒప్పుకున్నానన్నా అని ఏడిసింది."

నా ముందు ఏడవలేదు కొమురమ్మ. తన చేతిలో దెబ్బ తిన్న మనిషి ముందు ఏడ్చింది. నా ముందు మాత్రం దణ్ణం పెట్టి గారెలిచ్చింది.

"మీరు పెద్దోరు. ఏదో సెయ్యండి బావూ," అని జోగారావు లేచాడు. భుజం విరిగినవాడు వచ్చి అడుగుతున్నాడు. మోకాలు నొప్పని నేను కూర్చుని ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, అంతకన్నా వేరే మాట లేదు.

222వ రోజు

చెప్పేశాను.

విమలాంబ గారు మొదట నమ్మలేదు. రికార్డింగు పెట్టాను. ఏడు ఊఁలూ విన్నారు. రెండోసారి పెట్టమన్నారు. మూడో ఊఁ దగ్గర కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నేను కూడా అక్కడే ఉన్నానుగా," అన్నారు నెమ్మదిగా. "నాకూ వినబడింది. మీరు నొక్కారు కదా అని ఊరుకున్నాను."

"తప్పు నాదేనండి."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"203న."

ఆవిడ వేళ్ళ మీద లెక్క పెట్టలేదు. నా వైపు చూశారు, అంతే. ఇరవై రెండేళ్ళుగా నన్ను గారూ అని పిలిచిన మనిషి, "సరే, ప్రమాణపత్రం రాయండి," అన్నారు. గారూ లేదు.

చెబితే గుండె తేలికపడుతుందంటారు. నాకేమీ పడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడికి ఆకుల చల్లదనం ఏం తెలుస్తుంది? అందులోనూ కాలినవి నా చేతులు కావు.

224వ రోజు

మళ్ళీ విచారణ. లేఖకుడి కుర్చీలో వేరే అమ్మాయి కూర్చుంది. నన్ను సాక్షుల బల్ల మీద కూర్చోబెట్టారు. అక్కణ్ణించి ఆ గది ఎంత పెద్దదో ఇన్నేళ్ళలో మొదటిసారి తెలిసింది.

విమలాంబ గారు అభియోగం చదివి, ప్రతి అంశం దగ్గరా ఆగి, "ఇది జరిగిందా లేదా? నోటితో చెప్పమ్మా," అని అడిగారు. కొమురమ్మ మొదటిదానికి "ఊఁ" అనబోయి నాలుక కరుచుకుంది. "లేదు మేడం. నేను ఎత్తలే. కిందికి గుంజిన," అంది. జోగారావు తన కొక్కెం సంగతి చెప్పాడు. నేను నా సంగతి చెప్పాను. అంతా కలిపి నలభై నిమిషాలు.

నిర్దోషి అన్నారు. రేపటి నుంచి ఆడొచ్చు.

నా వాంగ్మూలం అయ్యేదాకా కొమురమ్మ నన్ను చూస్తూనే ఉంది. బయట నడవలో ఎదురుపడితే చెప్పబోయాను. "అమ్మా, నేను..."

"ఇప్పుడొద్దు సారూ. ప్రాక్టీసుకు పోవాలె," అని బరువు చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది. పరీక్షకి పదహారు రోజులుంది.

233వ రోజు

గోంగూర తోటలో చేరాను. గంపలు అనుకున్నంత బరువు లేవు. సాయంత్రాలు పాత ఫైళ్ళు వింటున్నాను, అది కూడా నాకే అప్పగించారు. యాభై మూడు అయ్యాయి. ఊఁలు పదకొండు దొరికాయి. వాళ్ళలో ఒకాయన ఇప్పుడు లేడు. ఆయన భార్యకి ఉత్తరం రాయాలి. నాలుగు రోజులుగా మొదటి వాక్యం దగ్గరే ఉన్నాను.

మధ్యలో ఆటగుహకి వెళ్ళి దూరంగా నిలబడి చూశాను. కొమురమ్మ రోజుకి రెండు జట్లలో ఆడుతోంది. కావాలని మీదికెళ్ళి దెబ్బలు తింటోంది. పడమటి సొరంగంవాళ్ళు కూడా తెలిసే గట్టిగా గుద్దుతున్నారు. జోగారావు ఒంటిచేత్తో గోడ పక్కన నిలబడి, "ఇంకా గట్టిగా కొట్టండర్రా! ఆ యమ్మికి ఎముకలు గావాల!" అని అరుస్తున్నాడు. ప్రత్యర్థి కోసం అలా అరిచినవాణ్ణి నా రిఫరీ జన్మలో చూడలేదు.

240వ రోజు

అరవై ఎనిమిది.

డెబ్బైకి రెండు తక్కువ. డాక్టరు రెండుసార్లు కొలిచాడట. ఆట ఆగిన మొదటి పన్నెండు రోజుల్లో పోయింది ఏమీ లేదట. తర్వాతి పంతొమ్మిది రోజుల్లోనే మూడూ పోయాయట. ఈ వారాల ఆట వల్ల ఇంకా జారకుండా ఆగింది, అంతే.

పంతొమ్మిది. 203 నుంచి 222కి ఎన్ని రోజులో నేను ఎవరినీ అడగక్కర్లేదు.

241వ రోజు

ఫోన్ల గదికి వెళ్ళాను. మధ్యాహ్నం ఈ వేళకి నీటి శాఖవాళ్ళకి భూమి లైను ఇస్తారు. కొమురమ్మ అక్కడ ఉంటుందని తెలిసే వెళ్ళాను. క్షమించమని అడుగుదామని. ఏం క్షమించాలో, ఎలా క్షమించాలో నాకు తెలియదు. అయినా వెళ్ళాను.

ఆవిడ మూడో గదిలో ఉంది. తలుపు తెరిచే ఉంది. బిడ్డతో మాట్లాడుతోంది. మోచేతుల నిండా కమిలిన దెబ్బలు. నన్ను చూసింది. మాట ఆపలేదు.

"వస్త అనుకున్న బిడ్డా. కుదరలే... ఎందుకంటే ఏం చెప్పాలె..."

కాసేపు నన్నే చూసింది. ఆ చూపులో కోపం వెతికాను, ఉంటే బాగుండునని. అలసట ఉంది. ఫోను నా వైపు చాచింది.

"నాకు చెప్పనీకి వస్తలేదు సారూ. దానికి ఎనిమిదేండ్లు. అన్నీ అడుగుతది. మీరే చెప్పుండ్రి."

ఫోను తీసుకున్నాను. నా పేరు చెప్పాను. అవతలి పిల్ల తన పేరు రేణుక అని చెప్పింది. మాట కిందికి వెళ్ళి జవాబు రావడానికి మూడు సెకన్లు పడుతుంది.

చెప్పాను. మీ అమ్మ ఏ తప్పూ చేయలేదమ్మా. చేశానని మీ అమ్మ అనలేదు. అన్నదని నేను రాశాను. దానివల్ల అమ్మని ఆడనివ్వలేదు, ఆడకపోతే ఎముకలు పాడవుతాయి, పాడైతే ఓడ ఎక్కనివ్వరు. అలా ఒక్కొక్కటీ చెప్పాను. అభియోగపత్రం కూడా ఇంత వివరంగా ఉండదు.

మూడు సెకన్లు.

"తప్పు రాసిన అని నీకెప్పుడు ఎరుకైంది తాతా?"

"203వ రోజునమ్మా. చాలా ముందే. చెప్పడానికి భయపడ్డాను. పంతొమ్మిది రోజులు చెప్పలేదు."

మళ్ళీ మూడు సెకన్లు. కొమురమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది.

"గప్పుడే చెప్పి ఉంటే అమ్మ వస్తుండెనా?"

ఇరవై రెండేళ్ళు ఎదుటివాళ్ళ జవాబులకి బటన్లు నొక్కాను. ఒప్పుకోలు, నిరాకరణ, మౌనం. ఈసారి జవాబు చెప్పవలసింది నేను.

"వచ్చేదమ్మా," అన్నాను.

ఆ మాట అక్కడికి చేరేదాకా ఆగాను. చేరింది. వెనకాల ఎక్కడో కుక్కరు కూత, ఎవరో పిలుస్తున్న గొంతు వినబడ్డాయి. పిల్ల ఏడవలేదు.

"అమ్మకియ్యి," అంది.

ఇచ్చాను.